పందెం బండికి ఒంటి తుమ్ము

ఆ రోజుల్లో మెల్‌బోర్న్ పడమటి పేటల్లో చీర కట్టుకున్న ఆడది కనిపిస్తే ట్రాములో పోయేవాళ్ళు కూడా తల తిప్పి చూసేవాళ్ళు. ఇప్పుడు మా టార్నీట్ స్టేషను దగ్గర పది నిమిషాలు నిలబడితే పాతికమంది తెలుగువాళ్ళు తగులుతారు. అందులో సగంమంది ఫోనులోంచి తల ఎత్తకుండానే "నమస్తే ఆంటీ" అని సాగిపోతారు. ఈ పిల్లలందరూ తాము వచ్చాకే ఈ దేశానికి తెలుగువాళ్ళు తెలిశారనుకుంటారు. అనుకోనివ్వండి. నేను మాత్రం ఈ దేశంలో పందెం కారుకు మెకానిక్కుగా పనిచేసినదాన్ని. అదీ చీర కట్టుకుని, అదీ ఒక్క అక్షరం రాకుండా. గొప్పకే చెబుతున్నాను. చెయ్యని పని చెప్పుకుంటే సిగ్గుపడాలి గానీ, చేసింది చెప్పుకోవడానికి మొహమాటం ఎందుకు?

అక్షరాలు నాకు అరవయ్యో ఏట వచ్చాయి. మనవరాలిని ఆదివారం తెలుగు బడికి తీసుకెళ్ళి, బయట చలికి తట్టుకోలేక లోపల వెనక బల్ల మీద కూర్చునేదాన్ని. ఆరేళ్ళ పిల్లలు 'అ' దిద్దుతుంటే ఊరికే కూర్చోలేక నేనూ దిద్దాను. (మూడో వారానికల్లా నా మనవరాలు "అమ్మమ్మా, యూ ఆర్ ఫాస్టర్ దాన్ మీ, నాట్ ఫెయిర్" అని మూతి ముడుచుకుంది.) తెలుగు కుదిరాక లైబ్రరీలో పెద్దవాళ్ళకు చెప్పే ఇంగ్లీషు క్లాసులో చేరాను. కాబట్టి ఇందులో ఎక్కడైనా వాక్యం వంకరపోతే నా వయసు చూడకండి, నా చదువు వయసు చూసి సర్దుకోండి. దానికింకా ఎనిమిదేళ్ళే.

మా ఆయన వెల్డరు. నాకు ఇరవై నాలుగో ఏడు నడుస్తుండగా ఇక్కడి ఓడరేవులో పని దొరికితే ఇద్దరం వచ్చేశాం. పిల్లలింకా లేరు. పగలంతా ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక, మా వీధి చివర గ్యారేజీలో ఊడ్చి తుడిచే మనిషి కావాలంటే వెళ్ళి నిలబడ్డాను. యజమాని ఇటలీ దేశస్థుడు. అరవై నాలుగేళ్ళ మనిషి, పొట్టివాడు, చేతులు మాత్రం వేరే ఎవరివో తెచ్చి తగిలించినట్టు పెద్దవి. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ కలిపినా ఒక నిండు మనిషి ఇంగ్లీషు అయ్యేది కాదు. ఆయన భాష ఆయన మాట్లాడేవాడు, నా భాష నేను మాట్లాడేదాన్ని, మిగిలింది చేతులు చూసుకునేవి. ఇన్నేళ్ళయ్యాక తలుచుకుంటే ఆయన తెలుగులోనే మాట్లాడినట్టు గుర్తొస్తుంది నాకు. ఆ గ్యారేజీలో అందరి మాటలూ అలాగే రాస్తాను. పేరు పెట్టి పిలవడానికి నోరు రాక "బాబాయ్" అన్నాను. అంటే ఏమిటన్నాడు. నాన్న తమ్ముడు అని చెప్పాను. "మీ నాన్న నాకంటే పెద్దా?" అన్నాడు. మా నాన్నకు అప్పటికి యాభై కూడా లేవు. లెక్కప్రకారం ఆయన పెదనాన్న కావాలి, ఆ మాటే చెప్పాను. కాసేపు ఆలోచించి "బాబాయే బాగుంది, అదే ఉంచు" అన్నాడు.

ఊడ్చేదాన్ని మెకానిక్కు ఎలా అయ్యానంటే, మా నాన్న రైసు మిల్లులో ఆయిలు ఇంజను డ్రైవరు. మా అమ్మ కాన్పులకూ తమ్ముళ్ళ పెంపకానికీ నన్ను బడి మాన్పించారు గానీ, నాన్నకు అన్నం క్యారేజీ తీసుకెళ్ళే పని మాత్రం నాదే. ఆయన తింటున్నంతసేపూ "ఇంజను గొంతు విను, మారితే చెప్పు" అని నాకు అప్పజెప్పేవాడు. చెప్పేదాన్ని. అలా పదేళ్ళు విన్నాను. ఇక్కడ గ్యారేజీలో ఒకరోజు నలుగురు మగవాళ్ళు ఒక బండి బానెట్ ఎత్తి గంట నుంచి గొణుక్కుంటున్నారు. నేను చీపురు గోడకు ఆనించి, పొడుగాటి స్క్రూడ్రైవరు తీసుకుని, ఒక కొస ఇంజనుకు, రెండో కొస చెవికి ఆనించి, "ఇది నాలుగు కాళ్ళతో నడవడం లేదు, మూడింటితో కుంటుతోంది. ఇదిగో, ఈ మూడోది" అన్నాను. వాళ్ళు నవ్వారు. బాబాయి నవ్వలేదు. మూడో ప్లగ్గు ఊడదీసి చూశాడు. అది నల్లగా మాడిపోయి ఉంది. మర్నాడు ఊడవడానికి వేరే మనిషిని పెట్టుకున్నాడు. (మా ఆయన ఈ మాట విని "పానాలు పట్టుకునే ఆడదాన్ని మా వంశంలో ఎవరూ చూడలేదే" అన్నాడు. "మీ వంశం ఇంజనూ చూడలేదుగా" అన్నాను. ఆ తరవాత వంశం మాట ఎత్తలేదు.)

గ్యారేజీ వెనక రేకుల షెడ్డులో, దుప్పటి కప్పి, ఒక ఎర్ర బండి ఉండేది. రెండు సీట్లు, కప్పు లేదు, ముక్కు పొడుగు. యుద్ధం అయిపోయాక వాళ్ళ దేశంలో ఊరూరా పందేలు జరిగేవట. ఇప్పటిలా ప్రత్యేకంగా కట్టిన ట్రాకులు కావు, జనం నడిచే రోడ్ల మీదే, ఇళ్ళ గుమ్మాల ముందునుంచే. సైన్యం వదిలేసి పోయిన తుక్కులోంచి ఇంజను ఏరుకుని, తమ్ముడితో కలిసి రేకులు కొట్టి ఈ బండి తయారుచేసుకున్నాడు బాబాయి. ఆరేడేళ్ళు పందేలాడాడు. ఒకసారి కొండదారి పందెంలో ముప్పావుగంట అందరికంటే ముందున్నాడు. అప్పుడొక రైల్వే గేటు పడింది. గూడ్సు బండి. నలభై పెట్టెలు లెక్కపెట్టానన్నాడు. గేటు లేచేసరికి పదిమంది వచ్చి ఆయన వెనకే ఆగి ఉన్నారు, ఆయన ఇంజనేమో వేడెక్కి ఆగిపోయింది. పదకొండోవాడుగా చేరాడు. పత్రికలు పదిమంది పేర్లే వేసేవి. ఆయన పందేలన్నీ దాదాపు ఇంతే. బండి బాగుంటే టైరు పోయేది, టైరు బాగుంటే వాన పడేది. సాక్ష్యానికి మిగిలింది ఒక్క ఫొటో. అందులో దుమ్ము, దుమ్ములో బండి, బండిలో కళ్ళద్దాలు పెట్టుకున్న మొహం. ఆ మొహం ఎవరిదైనా కావచ్చు.

ఈ మాట నేననలేదు, ఆయన కూతురే అనేది. ముప్పై ఏళ్ళ పిల్ల, గ్యారేజీ ఆఫీసు వ్యవహారమంతా తనే చూసేది. తల్లి లేదు. తండ్రి ఇటలీ భాషలో మాట్లాడితే ఆ అమ్మాయి ఇంగ్లీషులో జవాబిచ్చేది. (ఇప్పుడు మా ఇంట్లో జరిగేది చూస్తే నాకు ఆ గ్యారేజీయే గుర్తొస్తుంది.) మంచిదే, కానీ తండ్రి కబుర్లతో విసిగిపోయి ఉంది. "అందరి నాన్నలూ ఓడలో మంచాలూ కుట్టుమిషన్లూ తెచ్చుకున్నారు, మా నాన్న దీన్ని తెచ్చాడు. బడిలో మా నాన్న రేసు డ్రైవరని చెప్పి ఎన్నిసార్లు నవ్వులపాలయ్యానో నీకు తెలియదు" అని నాతో అన్నది. ఆ ఏడాది సిడ్నీ నుంచి పాత బండ్లు కొనే ఒకాయన వచ్చి ఎర్ర బండి అడిగాడు. అమ్మేద్దామని కూతురు, వీల్లేదని తండ్రి. వారం రోజులు ఇద్దరూ నా మొహం చూసి మాట్లాడుకున్నారు.

చివరికి బాబాయే కూతురితో అన్నాడు. "పాత బండ్ల క్లబ్బువాళ్ళు పందెం పెడుతున్నారు. ఒక్కసారి నడుపుతాను. నువ్వు వచ్చి చూడు."

"చూసి?"

"అందరికంటే వెనక వస్తే నేను డ్రైవర్ని కాదు. తాళం ఆ సిడ్నీవాడికి నువ్వే ఇచ్చెయ్యి."

"మాట తప్పకూడదు."

"ఈ అమ్మాయే సాక్షి" అని నన్ను చూపించాడు. ఇద్దరూ చేతులు కలిపారు. ఆ బండి ఆయనకు వస్తువు కాదు. ఆయన చెప్పిందంతా నిజమని చెప్పడానికి లోకంలో మిగిలింది అదొక్కటే.

రెండు నెలలు బండి విప్పి కట్టాం. పందెం ముందురోజు క్లబ్బువాళ్ళు బండికి అంటించే నంబరు పంపారు. పదిహేడు. బాబాయి ముఖం పాలిపోయింది. వాళ్ళ దేశంలో పదిహేడు చావు అంకెట. ఇంటి నంబరు పదిహేడైతే అద్దెకు కూడా దిగరట. ఫోను చేసి, బతిమాలి, అరిచి, మళ్ళీ బతిమాలి, నంబరు మార్పించుకున్నాడు. కూతురు తల కొట్టుకుంది. నాకు మాత్రం ఆయన మీద గౌరవం రెట్టింపయింది. మంచీచెడూ చూసుకునే మనుషులు ఇంత దూరంలో కూడా ఉన్నారు కదా అనుకున్నాను.

పందెం ఊరికి రెండు గంటల దూరాన, గొర్రెల పొలాల నడుమ, ఒకప్పుడు విమానాలు దిగిన స్థలంలో. అక్టోబరు నెల. ఇక్కడ ఉండేవాళ్ళకు చెప్పక్కర్లేదు, గడ్డి పూతకొచ్చి పుప్పొడి లేచే కాలం. ఆ పొలంలో తుమ్మనివాడు లేడు. కానీ వాళ్ళంతా రెండేసి, మూడేసి తుమ్ముతున్నారు. అవి లెక్కలోకి రావు.

పన్నెండు బండ్లు వరసకట్టాయి. మాది ఆరోది. మెకానిక్కులు ఈలకు పక్కకు తప్పుకోవాలి. నేను కొంగు బొడ్లో దోపుకుని, చేతిలో మరచెంబు పట్టుకుని నాలుగడుగులు పక్కకు వేశాను. తెల్లకోటు వేసుకున్న జెండా ఆయన ఎత్తు పీట ఎక్కాడు. పన్నెండు ఇంజన్లు ఒక్కసారి అరిచాయి. జెండా పైకెత్తాడు. ఎత్తి, తుమ్మాడు.

ఒకటే తుమ్ము.

నేను రెండోదాని కోసం చూశాను. రాలేదు. జేబురుమాలుతో ముక్కు తుడుచుకుంటున్నాడు, ఇక తుమ్మేలా లేడు. మా నాన్న మిల్లుకు బయలుదేరేవేళ ఎవరైనా ఒంటి తుమ్ము తుమ్మితే, యజమాని గుమ్మంలో నిలబడి కేకలేస్తున్నా సరే, చెప్పులు విప్పి, కూర్చుని, గ్లాసెడు నీళ్ళు తాగి గానీ కదిలేవాడు కాదు. ఇక్కడ బయలుదేరుతున్నది మిల్లుకు కాదు. అరవై నాలుగేళ్ళ మనిషి, కప్పులేని బండిలో, ప్రాణమంత బండిని పణంగా పెట్టి. నా బుర్ర ఇంకేమీ చెప్పలేదు. కాళ్ళు వెళ్ళిపోయాయి. రెండు చేతులూ చాచి ఆ ఎర్ర బండి ముక్కుకు అడ్డంగా నిలబడ్డాను.

జెండా పడింది. ముందున్న అయిదు బండ్లు వెళ్ళిపోయాయి. వెనక ఉన్న ఆరు బండ్లు మమ్మల్ని తప్పించుకుని, చెరో పక్కనుంచీ, నా చీర కుచ్చిళ్ళు ఎగిరేలా దూసుకుపోయాయి. వెళ్తూ వెళ్తూ ఒకాయన ఏదో అన్నాడు. (ఆ మాట అర్థం ఇరవై ఏళ్ళ తరవాత తెలిసింది. ఇక్కడ రాయను.)

"ఏమైంది, ఆయిలా?" అన్నాడు బాబాయి.

"తుమ్మాడు బాబాయ్. ఒకటే."

మరో మనిషైతే నన్ను గుద్దుకునైనా పోయేవాడు. పదిహేడు అంకెకు వణికే మనిషి తుమ్మును తోసిపుచ్చుతాడా? గేరు తీసేశాడు. చెయ్యి చాచాడు. మరచెంబు మూత తిప్పి ఇచ్చాను. రెండు గుక్కలు తాగాడు. ఇంకో గుక్క తాగమన్నాను, తాగాడు. ఈలోగా జెండా ఆయన మొహం ఎర్రగా చేసుకుని, చేతులూపుకుంటూ మా మీదికి పరుగెత్తుకొచ్చి, నోరు తెరిచి, మళ్ళీ తుమ్మాడు.

"రెండోది వచ్చింది. ఇక వెళ్ళు" అని పక్కకు తప్పుకున్నాను.

కంచె దగ్గరికొచ్చేసరికి కూతురు నా మోచెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి. "ఏం చేశావు నువ్వు? ఆయన వెనకబడిపోయాడు. అందరికంటే వెనక. ఆ బండి పోయింది, నీ వల్లే పోయింది. నేనింకా..." అని ఆగిపోయింది. ఆమె కళ్ళలో నీళ్ళు చూశాక నాకు తెలిసింది, బండి పోవాలని అన్నన్ని రోజులు అన్నదేగానీ, తండ్రి ఓడిపోవాలని ఆ పిల్లకు లేదు. పక్కనే సిడ్నీ ఆయన గడియారం చూసుకుంటున్నాడు.

పది చుట్లు. సగం దారి ఒకప్పుడు విమానాలు నిలిపిన కొట్టు వెనకనుంచి పోతుంది, కంటికి కనబడదు. అక్కడే నా చెవులు పనికొచ్చాయి. మిగతావాళ్ళు మలుపు ముందు చాలా దూరం నుంచే వేగం తగ్గిస్తున్నారు, ఇంజన్ల గొంతులు ఒక్కొక్కటిగా పడిపోతున్నాయి. ఒక్క గొంతు మాత్రం పడడం లేదు. అందరివీ పడ్డాక, ఇంకొంచెం ఆగి, అప్పుడు చిన్న దగ్గు దగ్గి మళ్ళీ అందుకుంటోంది. ఆ దగ్గు నాకు తెలుసు, రెండు నెలలు దాన్నే సవరించాను.

"ఒకణ్ణి దాటాడు" అన్నాను.

"నీకెలా తెలుసు? కనబడ్డంలేదుగా."

"విను."

కొట్టు వెనకనుంచి బండ్లు బయటికొచ్చాయి. ఎర్రది పదకొండోది. కూతురు నా మొహం చూసింది. తరవాతి చుట్టులో "ఇద్దరు" అన్నాను. ఇద్దరే. ఆ తరవాత ఆమె నా మోచెయ్యి వదిలి నా చెయ్యి పట్టుకుంది, చుట్టు చుట్టుకీ "ఇప్పుడు? ఇప్పుడు?" అని అడుగుతూనే ఉంది. జనం కూడా గెలిచేవాణ్ణి చూడడం మానేశారు. వెనకనుంచి వస్తున్న ఈ పొట్టాయన ఎవరని ఒకరినొకరు అడుగుతున్నారు. ఆయన తన ఆరో స్థానంలోంచి మామూలుగా బయలుదేరి ఉంటే ఒక్కడూ తల తిప్పేవాడు కాదు. ఆ రోజు మలుపు మలుపుకీ ఆయన ఎవరో ఒకరిని దాటుతూ కనిపించాడు. స్టీరింగు మీద ఆ పెద్ద చేతులు పిల్లకు జడ వేస్తున్నంత నిదానంగా కదులుతున్నాయి. ఎనిమిదో చుట్టులో ఆ పిల్ల కంచె ఎక్కి నిలబడి ఇటలీ భాషలో అరవడం మొదలుపెట్టింది. నేను ఆ గ్యారేజీలో చేరాక ఆమె నోట ఆ భాష వినడం అదే మొదటిసారి. "పాపా, పాపా" అన్నది ఒక్కటే నాకు అర్థమైంది. అదొక్కటీ చాలు.

అయిదోవాడుగా వచ్చాడు. ఏడుగురిని దాటి. దిగి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, కూతుర్ని చూసి, "వెనక రాలేదుగా?" అన్నాడు. సిడ్నీ ఆయన చెయ్యి జేబులో పెట్టుకుని దగ్గరికొచ్చాడు. ఆ పిల్ల ఆయన వైపు చూడకుండానే "అమ్మడం లేదు" అన్నది. (జెండా ఆయన నాతో పావుగంట మాట్లాడాడు. నాకు ఇంగ్లీషు రాకపోవడం అంత హాయిగా ఎప్పుడూ అనిపించలేదు.)

నెల తరవాత క్లబ్బువాళ్ళు వేసే నాలుగు పేజీల పత్రిక పోస్టులో వచ్చింది. బాబాయికి ఇంగ్లీషు చదవడం రాదు, నాకు ఏదీ రాదు. ఇద్దరం స్టూళ్ళు లాక్కుని కూర్చున్నాం, కూతురు నిలబడి ముందు తనలో తను చదువుకుంది. కాగితం మీంచి తలెత్తి మా ఇద్దరి మొహాలూ చూసింది. తరవాత మా ఇద్దరికీ అర్థమయ్యే చిన్న చిన్న మాటల్లో పైకి చదివింది. "ఆ రోజు గెలిచినవారు వేరే ఉన్నా, జనం కళ్ళల్లో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళింది ఒక ఎర్ర బండినే. యుద్ధం తరవాత ఇటలీ రోడ్ల మీద ఎలా నడిపేవారో తెలియాలంటే ఆ పెద్దాయన చేతులు చూడాలి. ఆయన మెకానిక్కు చీర కట్టుకున్న ఒక స్త్రీ. ఆమె ఇంకెవరి మాటా వినదు, ఇంజను మాటే వింటుంది." బాబాయి మళ్ళీ చదవమన్నాడు. మూడుసార్లు చదివించుకున్నాడు. పటం కట్టించి గోడకు పెడతానంటే కూతురు ఒప్పుకోలేదు. "ఇది మెకానిక్కు దగ్గర ఉండాలి" అని మడిచి నా చేతిలో పెట్టింది. నాకెంత గర్వమైందో చెప్పలేను. బాబాయికి మాత్రం కాగితంతో పనేముంది? ఆ నాలుగు ముక్కలూ కంఠతా పట్టాడు. తరవాత తొమ్మిదేళ్ళు బతికాడు. బండి బాగుచేయించుకోవడానికి వచ్చిన ప్రతి మనిషికీ అప్పజెప్పాడు. ఆయన పోయినప్పుడు చర్చిలో కూతురు అందరి ముందూ నిలబడి, "మా నాన్న రేసు డ్రైవరు" అని మొదలుపెట్టింది. ఎవరూ నవ్వలేదు.

పోయిన నెల, ఇంగ్లీషు కాస్త పట్టుబడ్డాక, పెట్టె అడుగునుంచి ఆ పత్రిక తీశాను. వేలు పెట్టుకుని, ఒక్కో మాట కూడబలుక్కుంటూ, మధ్యాహ్నమంతా చదివాను. మా బండి గురించి మూడు వాక్యాలున్నాయి. "ఆరో స్థానంలోని బండి ఆలస్యంగా బయలుదేరి అయిదోదిగా వచ్చింది. పందెం మొదలయ్యే సమయంలో ఒక మహిళ ట్రాకు మీదికి వచ్చినందుకు యజమానికి హెచ్చరిక పంపడమైనది. సభ్యులు తమ అతిథులను కంచె అవతల ఉంచవలెను." అంతే. వెనక పేజీ తిప్పాను. టైర్ల ప్రకటన. మళ్ళీ మొదటినుంచి చదివాను. నాకే చదవడం సరిగ్గా రాలేదేమోనని మనవరాలిని పిలిచి చదివించాను. "అమ్మమ్మా, ఆ లేడీ నువ్వేనా? సీరియస్లీ?" అని పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. అప్పటి నేను, ఇరవై నాలుగేళ్ళ ఆ పిల్ల, కనిపించింది నాకు, స్టూలు మీద నిటారుగా కూర్చుని, ఎవరూ రాయని మెప్పును తలాడిస్తూ వింటూ. దాన్ని చూసి జాలిపడదామనుకున్నాను గానీ జాలి రాలేదు. దాని మొహంలో అంత వెలుగుంది.

బాబాయి కూతురికిప్పుడు డెబ్బై దాటాయి. జీలాంగ్‌లో ఉంటుంది. ఆ సాయంత్రమే ఫోను చేశాను. నాకిప్పుడు ఇంగ్లీషు చదవడం వచ్చిందని చెప్పాను.

"ఆ పత్రిక ఇంకా నీ దగ్గర ఉందా?" అన్నది.

"ఉంది. ఇవాళే చదివాను."

"ఏముంది అందులో?"

నేను కళ్ళజోడు సర్దుకుని, పత్రిక విప్పుకుని, వేలు పెట్టుకుని, ఆనాడు ఆమె చదివిన నాలుగు ముక్కలూ వరసగా అప్పజెప్పాను. ఎక్కడా తడబడలేదు.

ఆమె ముక్కు చీదుకోవడం వినిపించింది. "ఆ చీర సంగతి కూడా ఉందా?"

"ఉంది" అన్నాను. "అది కొంచెం పెద్ద అక్షరాల్లో వేశారు."